పల్లేరు పూల వంతు

మూడేళ్ల కిందట మా ఇంటి పెరట్లో మరుగుతున్న గంజి నా కాలి మీద పడితే నాకు తెలియలేదు సహోదరులారా! నా చీకటి అక్కడే మొదలయింది కాబట్టి నేనూ అక్కడినుంచే మొదలుపెడతాను.

మాది ఎమ్మిగనూరు. మేం బట్టలు నేసి బ్రతికేవాళ్లం, మా ఆయన దావీదు గుంతమగ్గంలో కూర్చుంటే నేను రాట్నం తిప్పి కండెలు చుట్టేదాన్ని, పడుగుకు పట్టించే గంజి మా అత్తా నేనూ కలిసి కాచేవాళ్లం. నేను చదివింది అయిదో తరగతే, మాటలు మాత్రం దేవుడు దోసిళ్లతో ఇచ్చాడు, మొదలుపెట్టానంటే ఎక్కడ ఆపాలో నాకే తెలియదు. ఆ రోజు కూడా ఆదోనిలో చూసొచ్చిన పెళ్లి ముచ్చట చెప్తూ గంజికుండ దించుతున్నాను, అది ఒలికి నా ఎడమ పాదం పక్కన, చీలమండ కింద పడింది, నేను చెప్పుకుంటూనే ఉన్నాను! మా అత్త చూసి కేక పెట్టింది.

“మే రూతమ్మా, కాలు సూసుకోవే! పొగలొస్తాండాయి!”

“అవునత్తా, పడినట్టుందే” అన్నాను.

“పడినట్టుందంట! మాటల్లో పడితే కాలు కాలినా తెలీదు దీనికి” అని ఆమె నవ్వింది, నేనూ నవ్వాను, పక్కిళ్లవాళ్లకు కూడా నేనే చెప్పి నవ్వించాను. నాలుగు రోజులు మా వాడంతా అదే నవ్వు. నా వాగుడు వల్లే నొప్పి తెలియలేదని అందరం అనుకున్నాం. పొక్కు లేచింది, పగిలింది, అయినా నొప్పి రాలేదు. అప్పుడు వెలుతురులోకి వచ్చి చూసుకుంటే ఆ పొక్కు చుట్టూ చర్మం పాలిపోయి, సగం అరచేయంత మచ్చ కనిపించింది. సూది తెచ్చి గుచ్చుకున్నాను. ఏమీ లేదు. ఇంకాస్త లోతుగా గుచ్చుకున్నాను. రక్తం వచ్చింది గానీ నాకేమీ తెలియలేదు. మా అత్త ముఖంలో నవ్వు ఆరిపోయింది. కుష్ఠు అనే మాట మా వాడలో ఎవరూ నోటితో పలకరు, పెద్దరోగం అంటారు. ఆమె ఆ మాట కూడా అనలేదు, నా ఒళ్లో ఆడుకుంటున్న నా బిడ్డ శాంతమ్మను ఎత్తుకుని లోపలికి పోయింది. బిడ్డకు అప్పటికి ఏడాదిన్నర.

పెరడు చివర పాత మగ్గం కట్టెలు వేసుకునే గుడిసె ఉంటే దాన్ని నాకు ఖాళీ చేశారు. నాకొక చాప, ఒక కుండ, ఒక సత్తు గిన్నె. మా అత్త చెడ్డమనిషి కాదు, ఆ మాట ముందే చెప్తున్నాను, బిడ్డ కోసం ఆమెకు భయం. మా ఆయన తెల్లవారగానే సంగటి తెచ్చి గడప దగ్గర పెట్టి మగ్గం దగ్గరికి పోయేవాడు. ఊరి బావిలో మా కులం వాళ్లను చేద వేయనివ్వరు, ఎవరైనా పైనుంచి పోస్తే పట్టుకోవాలి, అది మాకు పుట్టినప్పటి నుంచీ అలవాటే. కానీ సహోదరులారా, మా వాడ బావి దగ్గర మా వాళ్లే, నాతోపాటు మా ప్రార్థన గుడిలో పాటలు పాడిన అక్కలే, నా కుండలోకి పైనుంచి నీళ్లు పోసిన రోజున నేను ఆ కుండను మోసుకుని ఇంటికి ఎట్లా వచ్చానో నాకు గుర్తులేదు!

నేను కోళ్లతో మాట్లాడాను. కుండతో మాట్లాడాను. తరువాత వాటితో కూడా మానేశాను. “ప్రభువా, ఈ నోరు నాకెందుకు ఇచ్చినావు? వినేవాళ్లు లేనప్పుడు ఇది కూడా మొద్దుబారిపోనీ” అని ప్రార్థన చేశాను. అది ప్రార్థనో కోపమో ఆయనకే తెలియాలి.

మా గుడి వెనుక గదిలో సౌభాగ్యమ్మ అవ్వ ఉండేది. ఇల్లిల్లూ తిరిగి వాక్యం చెప్పే విధవరాలు. గిన్నెలు కడిగిన నీళ్లతోనే నాలుగు బంతి మొక్కలు, రెండు బిళ్లగన్నేరు, ఒక చంద్రకాంత పెంచుకునేది. ఒకనాడు ఆమె కర్ర టకటకలాడించుకుంటూ నేరుగా నా గుడిసెకు వచ్చి, నా చాప మీదే కూర్చుని, నా కుండలో నీళ్లే ముంచుకుని తాగింది. నేను వద్దు వద్దంటుంటే మూతి తుడుచుకుంది.

“నీ నోరు మూతబడినాక ఈ వాడలో పగలే నిద్రొస్తాండాది నాకు. ఏదన్నా సెప్పు మే” అంది.

“సెప్పేదానికి ఏముందవ్వా, నాలుగు కట్టెలు తప్ప ఏం కనపడవు ఈడ.”

“అయితే కనపడే తావుకి పో. రోజుకొక పువ్వు సూసి రా. పొద్దు వాలేలోగా నా గది కాడికొచ్చి దాని సంగతంతా సెప్పల్ల. నిన్న సెప్పింది ఈ రోజు చెల్లదు!”

ఇదేం పిచ్చి పని అనుకున్నాను. కానీ రోజూ ఒకరితో మాట్లాడొచ్చు! ఆ ఆశతోనే బయలుదేరాను, పువ్వుల కోసం కాదు, నిజం చెప్పాలి కదా. మొదటి రోజు తంగేడు చెప్పాను. రెండో రోజు జిల్లేడు. మూడో రోజు తుమ్మి. తరువాత నాకు తెలిసిన పేర్లు అయిపోయాయి, ఇక వంగి చూడక తప్పలేదు. ఆదోని బాట పక్కన నల్లరేగడి చేల గట్ల మీద, మనం దినమూ తొక్కుకుంటూ పోయే చోట, నువ్వుగింజంత నీలం పూలున్నాయి, వాటి మధ్యలో సూదిమొనంత తెల్ల చుక్క ఉంది. అది ఎవరి కోసం పెట్టాడు? జొన్నచేలో కొస తెల్లగా మొదలు గులాబీరంగుగా తోకలాగ నిలబడే పువ్వొకటుంది, దాని పేరు నాకు ఇప్పటికీ తెలియదు. పత్తిపువ్వు గురించైతే ఒక సాయంకాలమంతా చెప్పాను, పసుపుగా విచ్చుకుని, వాడేముందు ఎర్రబడుతుందని, ఎవరో ఏదో అన్నట్టు సిగ్గుపడుతుందని. అవ్వ కడుపు పట్టుకుని నవ్వింది. “నీకు రోగం కాలికొచ్చింది గానీ నోటికి రాలేదు మే!” అంది. ఎన్నో నెలల తరువాత నన్ను చూసి ఒకరు నవ్విన నవ్వు అది, దేవునికే మహిమ!

ఆ అవ్వే మా ఆయనను కూర్చోబెట్టి మాట్లాడింది. ఆదోనిలో వారానికొక రోజు చెట్టు కింద బల్ల వేసుకుని చూసే డాక్టరమ్మ ఉందని, దీనికి ఇప్పుడు బిళ్లలొచ్చాయని చెప్పింది. మా ఆయన మగ్గం ఆపి నన్ను బస్సెక్కించాడు. మా సంగతి తెలిసినవాళ్లు బస్సులోనూ ఉన్నారు, ముగ్గురు పట్టే సీటులో మాతో ఎవరూ కూర్చోలేదు. ఆయన మాత్రం నా భుజానికి తన భుజం ఆనించి కూర్చున్నాడు, ఆదోని దాకా కిటికీలోంచి చూస్తూనే ఉన్నాడు. ఆ భుజం నాకు చాలు అనిపించింది. డాక్టరమ్మ నా కళ్లు మూయించి, మచ్చ మీద దూదిపోగు తాకించి, ఎక్కడ తాకిందో వేలు పెట్టి చూపమంది. నా వేలు లేవలేదు. బిళ్లలిచ్చింది, కారు టైరుతో కుట్టిన చెప్పులిచ్చింది, మానకుండా మింగు, తగ్గుతుంది అంది. బిడ్డను ఎత్తుకోవచ్చా అని అడిగాను. “ఇప్పుడే వద్దమ్మా, నేను చెప్తాను” అంది.

ఆ ఇప్పుడే వద్దు అనే మాటతో ఏడాదిన్నర గడిచింది. బిళ్లలు మింగుతూనే ఉన్నాను, పూలు చూస్తూనే ఉన్నాను, ఎండాకాలంలో అన్నీ మాడిపోయిన రోజున అవ్వతో “ఈ రోజు ఏమీ లేదు” అని చెప్పి ఆమె పక్కన ఊరికే కూర్చున్నాను.

ఇప్పుడు చెప్పబోయేది నాకు కష్టం. ఆ ఏడాదిన్నరలోనే ఒక ఉదయం మా అత్త బిడ్డతో చేనికి వచ్చింది, నేను గట్టు మీద ఉన్నానని ఆమెకు తెలియదు. శాంతమ్మ నన్ను చూసింది. “అమ్మా!” అని రెండు చేతులూ చాచి పరుగెత్తుకొచ్చింది. నేను కుచ్చెళ్లు ఎత్తి పట్టుకుని వెనక్కి తిరిగి జొన్నల్లోకి పారిపోయాను సహోదరులారా! నా సొంత బిడ్డ పిలుస్తుంటే పారిపోయాను! వెనుక దాని ఏడుపు చాలాసేపు వినిపించింది. నేల మీద పడి, “ప్రభువా, ఇంక నాతో కాదు, పిలిచే బిడ్డకు వీపు చూపించే తల్లిని నేను, నన్ను చూసేవాళ్లు ఎవరున్నారు?” అని ఏడ్చాను. ఏ స్వరమూ వినపడలేదు. ఆకాశం తెరుచుకోలేదు. ముఖం నేలకు ఆనించి ఉన్నాను కాబట్టి, నా కంటికి జానెడు దూరంలో ఆ నువ్వుగింజంత నీలం పువ్వొకటి కనిపించింది. చుట్టూ జొన్న ఎత్తుగా ఉంది, ఆ చీకట్లో దాన్ని చూసేవాళ్లే లేరు, అయినా దాని మధ్య తెల్ల చుక్క చెక్కు చెదరకుండా పెట్టి ఉంది. దీన్నే ఇంత జాగ్రత్తగా చేసినవాడు నన్ను చూడడా అనిపించింది. నా ఏడుపు ఆగింది. అంతే, ఇంకేమీ జరగలేదు. కానీ నేను లేచి ఇంటికి నడవగలిగాను.

పోయిన ఏడాది మొదటి వానలు పడ్డాక బాటల పక్కన పల్లేరు పరుచుకుంది. పల్లేరంటే మనకు ముల్లే గుర్తుకొస్తుంది గానీ, ఉదయం పూట చూడండి అక్కలారా, పచ్చటి చాప మీద పసుపు చిలకరించినట్టు పూలు, అన్నీ పొద్దువైపు తిరిగి ఉంటాయి! ఆ రోజుకు పల్లేరే చెబుదామని వాటి మధ్య కాలు మడిచి కూర్చోబోయాను.

“అబ్బా!” అని అరిచాను.

అరిచి, నోరు తెరుచుకునే ఉండిపోయాను. చూస్తే పల్లేరు ముల్లు సరిగ్గా మచ్చ మీద, చెప్పు పట్టీ కింద దిగి ఉంది. మంట! సన్నటి, నిజమైన మంట! భయపడుతూ దాన్ని పీకి, మళ్లీ అక్కడే మెల్లగా ఆనించాను. మళ్లీ మండింది! అంతకు రెండేళ్ల ముందు మరిగే గంజికి పలకని కాలు పల్లేరు ముల్లుకు పలికింది! నేను ఆ పూల మధ్య కూర్చుని నవ్వానో ఏడ్చానో, గొర్రెలు కాసే పెద్దాయన దూరం నుంచి, “ఏమైందమ్మా, పాము కరిచినాదా?” అని కేకేశాడు.

“కాదప్పా, ముల్లు గుచ్చుకున్నాది!” అన్నాను.

“ముల్లుకే ఇంత సంబరమా తల్లీ!” అన్నాడు.

ఆ ముల్లును కొంగున ముడివేసుకుని అవ్వ దగ్గరికి పరుగెత్తాను. ఆమె నా పాదాన్ని తన ఒళ్లో పెట్టుకుంది. ఆ వారమే డాక్టరమ్మ దూదిపోగు తాకించింది, కళ్లు మూసుకునే వేలు పెట్టి చూపాను, ఒకసారి తప్పాను, నాలుగుసార్లు సరిగ్గా చూపాను. “ఇక బిడ్డను ఎత్తుకోమ్మా, అంటదు. బిళ్లలు మాత్రం ఇంకా మింగాల” అంది.

బిడ్డ వెంటనే నా చేతుల్లోకి వచ్చిందనుకోకండి. డాక్టరమ్మ చెప్పినా మా అత్తకు ధైర్యం చాలలేదు. బిడ్డకు కూడా నేను పారిపోయే మనిషినని గుర్తుంది, నన్ను చూస్తే నాయనమ్మ చీర వెనుక దాక్కునేది. ఆ కొన్ని వారాలు జబ్బు రోజులకంటే ఒంటరివి. “ప్రభువా, కాలికి ఇచ్చినట్టే వాళ్ల మనసుకు కూడా కాస్త తెలివిడి ఇవ్వు” అని అడిగాను.

మా గుడిలో ఆదివారం బల్ల మీద పూలు పెట్టే వంతు ఒక్కో వారం ఒక్కో ఇంటిది. రెండేళ్లుగా మా ఇంటి వంతు వస్తే గుడివాళ్లే దాటేసి పక్కింటికి చెప్పేవాళ్లు. ఆ శనివారం మా అత్త నా గుడిసె దగ్గరికి వచ్చి, లోపలికి రాకుండా, గడప దగ్గర ఇత్తడి చెంబు పెట్టింది.

“రేపు పూల వంతు మనదే. నేనే అడిగి పెట్టించుకున్నా. యాడ దొరుకుతాయో నీకే తెలుసు కదా” అని గబగబా పోయింది.

తెల్లవారగానే పోయి చెంబు నిండా పల్లేరు తీగలు, పూలతో కాయలతో సహా కోసుకొచ్చి బల్ల మీద పెట్టాను. గుడిలో గుసగుసలు! “పల్లేరు ఎవురన్నా గుడికి తెస్తారా మే?” అని ఒకామె అంది. “బంతిపూలు దొరకలేదేమో పాపం” అని ఇంకొకామె. నేను తలవంచుకుని వెనుక వరుసలో ఒక్కదాన్నే కూర్చున్నాను. పాట జరుగుతుండగా శాంతమ్మ నాయనమ్మ దగ్గరనుంచి జారిపోయి, ఆ పసుపు పూలకు చేయి చాచింది. ముల్లు గుచ్చుకుంది. గుడి అదిరేటట్టు ఏడ్చింది. మా అత్త సగం లేచింది. లేచి, ఆగింది. వెనక్కి తిరిగి నన్ను చూసింది.

“మీ అమ్మ కాడికి పో పాపా. ముల్లు తీసేది ఆమెకే బాగా తెలుసు” అంది.

బిడ్డ వేలు ముందుకు పెట్టుకుని, ఆడవాళ్ల మధ్యలోంచి నడిచొచ్చింది. ఈసారి నేను పారిపోలేదు.

ఇప్పటికీ కొందరు నాకు దూరంగానే కూర్చుంటారు, నేను ఒంటరిగా గట్ల మీద నడిచే రోజులు ఇంకా ఉన్నాయి. సౌభాగ్యమ్మ అవ్వ ఈ ఎండాకాలంలో ప్రభువు దగ్గరికి పోయింది, సాయంకాలం చెప్పడానికి పువ్వుంటుంది, వినే అవ్వ లేదు. అందుకే ఇవాళ మీకు చెప్పాను. మీలో ఎవరైనా పెరటి గుడిసెలో చాప మీద ఒంటరిగా ఉంటే, లేచి గట్టు దాకా నడవండి, వంగి చూడండి, ఆ చిన్న పువ్వును మరువనివాడు మిమ్మల్ని మరువలేదు, ఆయనను నమ్మండి. పెద్దింట్లో ఉన్నవాళ్లయితే, ఆ గుడిసెకు పోయి ఆ కుండలో నీళ్లు ముంచుకుని తాగండి. నా కాలికి నొప్పిని తిరిగి ఇచ్చిన దేవునికి స్తోత్రం, నా బిడ్డ వేలిలో ముల్లు తీసే భాగ్యం నాకిచ్చిన ప్రభువుకే మహిమ! ఆమేన్.