బస్తా మధ్యలో చెయ్యి

భూపాలపల్లిలో ఈ ఉదయం వాన వెలిశాక, మొక్కలకు కప్పి తెచ్చిన గోనెపట్టాల తడి వాసన నన్ను ఏళ్ళ వెనక్కి తీసుకుపోయి, తొర్రూరులో సులోచనక్క ధాన్యం కొట్టు ముందు నిలబెట్టింది. నలుగురిలో నోరు విప్పలేక, ధైర్యమంతా డైరీలోనే రాసుకునే నాకు అడగడం నేర్పింది ఆమే. మా తండా మొక్కజొన్నలు ఆమే కొనేది. అమ్మేవాడు ఎంత దగ్గరివాడైనా బస్తా మూతి దగ్గరి గింజలు చూసేది కాదు. మోచేతి దాకా చెయ్యి దించి, మధ్యలోంచి పిడికెడు తీసేది.

నేను జనగామలో ఇళ్ళ ప్లాన్లు గీసే ఆఫీసులో పనిచేస్తున్నప్పుడు, నేలనూ చెట్లనూ తీర్చిదిద్దే ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్చర్ పీజీలో రెండు చోట్ల సీటు వచ్చింది. ఒకటి హైదరాబాద్‌లో ప్రైవేటు కాలేజీ; అక్కడ ఫీజు కట్టాలంటే నాయిన వానమీదే పండే చెలక అమ్మాలి. రెండోది వేరే రాష్ట్రంలో సర్కారు కాలేజీ. ఫీజు తక్కువే కానీ చాలా దూరం. పేరున్నదే మేలని నాయిన అమ్మకానికి సిద్ధపడ్డాడు. చిన్నాయిన మాత్రం నవ్వాడు. “చెట్లు పెట్టనీకి గూడ సదువేనా? చెట్ల సంగతి మన మేకలకే ఎక్కువ తెలుసు. వాటిని తోలు కాలేజీకి!”

నాయిన రెండు కాలేజీల రంగుల పుస్తకాలూ తెచ్చి అక్క ముందు పెట్టాడు. ఆమె తెరవనే లేదు. “ఇవి బస్తా మూతి, రాములూ. లోపల చెయ్యి పెట్టి సూసినవా?” అంది నాయినతో. మర్నాడే నన్ను హైదరాబాద్ బస్సెక్కించి, తానూ ఎక్కింది.

కాలేజీలో ఒక ఉద్యోగి మాకు పచ్చిక, ఫౌంటెన్ చూపించాడు. అక్క ఆగకుండా హాస్టల్ వెనక్కి నడిచింది. అక్కడ వరసగా ఎండిన మొక్కలు. నాటిన అతిథుల పేర్ల పలకలు మాత్రం తళతళలాడుతున్నాయి.

“అడుగు” అంది నాతో.

“నువ్వే అడుగక్కా.”

“సదివేది నేనా? నోరు నీకు లేదా?”

ఎండిన మొక్క కొమ్మ ఒకటి పట్టుకున్నాను. “ఇవెందుకు సచ్చిపోయినయ్ సార్?”

నా యాస విని ఆయన ముసిముసిగా నవ్వాడు. “ఏ ఊరమ్మా మీది?”

నా చెంపలు వేడెక్కాయి. పారిపోదామంటే వెనక అక్క గోడలా నిలబడి ఉంది. “ఊరు తర్వాత జెప్త సార్. ముందుగాల మొక్కల సంగతి జెప్పుండ్రి.”

“అవన్నీ తోటమాలి చూసుకుంటాడు, ఫౌంటెన్ దగ్గరికి రండి” అంటూ ఆయన వెనక్కి తిరిగాడు.

రెండో కాలేజీకి ఒక్కదాన్నే వెళ్ళాను, వచ్చిన కాస్త హిందీతో. గోడలు పెచ్చులూడి ఉన్నాయి. వెనక అక్కడా ఎండిన మొక్కలున్నాయి. అదే ప్రశ్న అడిగాను. ఒక విద్యార్థిని అక్కడే మట్టి తవ్వి, అడుగున నీళ్ళు ఇంకని బంకమట్టి చూపించింది. ఈసారి అందులో ఏం నాటబోతున్నారో, ఎందుకో చెప్పింది. మొక్కలు ఎందుకు చచ్చాయో తెలిసిన చోటే చేరాను. చెలక మాకే మిగిలింది.

అక్క ఇప్పుడు లేదు. బొగ్గు గని తవ్వి పోసిన మట్టి దిబ్బల మీద చెట్లు పెంచే పని నాది. ఇందాక కాంట్రాక్టరు రోడ్డు పక్క వరస చూపించి, “మంచిగున్నయ్ గద మేడం, బిల్లు మీద సంతకం పెట్టుండ్రి” అన్నాడు. నేను దిబ్బ మధ్యకు నడిచి, వాడిపోతున్న ఒక మొక్కను తవ్వి తీశాను. నాటేముందు చింపెయ్యాల్సిన నర్సరీ నల్ల ప్లాస్టిక్ కవరు వేళ్ళకు అలాగే ఉంది.

“ఒక్కటి గట్లయింది కావచ్చు. మేం పెద్దసార్లతోని మాట్లాడుకుంటం లే” అన్నాడు గొంతు పెంచి.

“మాట్లాడుకో అన్నా. అందాక ఇంకోటి తీస్త” అని, తడి మట్టిలోకి మోచేతి దాకా చెయ్యి దించాను.