తెక్కలకోటలో వై-ఫై డ్రైవర్

అక్కకు వినికిడి పోయి అప్పటికి నాలుగేళ్ళయింది. నా పెదవులు చూసి మాట పట్టుకునేది. ఫోన్ తెర మీద అవి సరిగా కనిపించేవి కావు. అందుకని నా పాత ల్యాప్‌టాప్‌లో విండోస్ బదులు లైనక్స్ వేసి, తెక్కలకోటలో ఆమె ఇంట్లో పెట్టి వచ్చాను. బళ్ళారిలో నేను, అక్కడ ఆమె, రోజూ సాయంత్రం తెర మీద ఎదురెదురుగా కూర్చునేవాళ్ళం. నేను చిక్కిపోయానని రోజూ ఒకటే గోల.

ఆ ల్యాప్‌టాప్‌కు వై-ఫైని నడిపే ప్రోగ్రాం, డ్రైవర్ అంటారు, సిద్ధంగా దొరకదు. దాని సోర్సు కోడ్ తెచ్చి, మనమే కంపైల్ చేసి, అంటే మిషనుకు అర్థమయ్యేలా మార్చి, ఎక్కించాలి. అట్లా ఎక్కించింది అప్పుడున్న కెర్నల్‌కే, అంటే లైనక్స్‌లో అన్నిటినీ నడిపే మూల భాగానికే, పనికొస్తుంది. అప్‌డేట్‌లో కెర్నల్ మారితే వై-ఫై పోతుంది. మారినప్పుడల్లా డ్రైవర్ దానంతటదే మళ్ళీ కంపైల్ అయ్యే ఏర్పాటు ఒకటుంది, ఇంకో పది నిమిషాల పని. బస్సుకు టైమైందని వదిలేశాను. పైగా పోతూ పోతూ అన్నీ తెలిసినవాడిలా అక్కకు చెప్పాను: "అప్‌డేట్ అని అడిగితే ఎస్ నొక్కు. భయపడొద్దు."

కొన్నాళ్ళకు బావ ఫోన్ చేశాడు.

"వై-ఫై రాలేదంటాండాది అప్పా మీ అక్క. పొద్దస్తమానం దాని ముందరే కూర్చోనుండాది. ఒక తూరి వచ్చి పో."

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. "ఏందో నొక్కి చెడగొట్టింటాది బావా. నేనొచ్చేదాకా ముట్టొద్దని చెప్పు" అన్నాను. ఆదివారం వస్తానన్నాను. ఆ ఆదివారం ఎవరిదో పెళ్ళి. మరుసటి ఆదివారం బద్ధకం. దానికి ఇంకో పేరు పెట్టలేను. మూడో ఆదివారం రాకముందే అక్క గుండె ఆగి పోయింది.

దినాలు అయిపోయినాక బావ ల్యాప్‌టాప్ తెచ్చి నా ముందు పెట్టాడు. మీద ఉతికిన తువ్వాలు కప్పి ఉంది.

"ముట్టొద్దంటివని ఆయమ్మే కప్పి పెట్టింది. సరి చేయప్పా. ఆమె వస్తువు చెడిపోయి ఉండేది నాకు బేజారు."

తెరిచి చూశాను. కెర్నల్ మారి ఉంది. అక్క ఏదీ చెడగొట్టలేదు, తప్పంతా నాదే. పెన్‌డ్రైవ్‌లో తెచ్చిన సోర్సుతో కంపైల్ మొదలుపెట్టాను. తెర మీద వరుసలు పరుగెత్తుతుంటే కళ్ళు తుడుచుకుంటూ కూర్చున్నాను. ఈసారి ఆ పది నిమిషాల పని కూడా చేశాను. ఎవరి కోసమో తెలియదు.

వై-ఫై వచ్చింది. అక్క మెసేజీల పేజీ తెరిచాను. అందులో నాకు రాసి, పోకుండా ఆగిపోయిన మెసేజీ ఒకటి ఉంది. చూస్తుండగానే అది వెళ్ళింది, నా జేబులో ఫోన్ మోగింది.

తెలుగు మాటలే, కన్నడ అక్షరాల్లో. అక్క చదివింది కన్నడ బడిలో.

"నువ్వు చెప్పినట్టే ఎస్ నొక్కినా అప్పా. వేరేది ఏమీ ముట్టలేదు. నీకు కోపమొచ్చిందని మీ బావ చెప్పినాడు. కోపం పోయినాక రా."

"ఎవరప్పా?" అన్నాడు బావ.

"అక్క" అన్నాను.