నీలం పైపులో వేడినీళ్ళు

దుబాయ్‌లో నేను చేసిన ఉద్యోగం ఏమిటో మా బంధువులెవరికీ సరిగ్గా చెప్పలేదు. ఇళ్ళు కట్టే కంపెనీలో కొనుగోళ్ళు చూస్తానని మాత్రం చెప్పేదాన్ని. నిజానికి మూడేళ్ళపాటు నేను చూసినవి కమోడ్లు, వాష్ బేసిన్లు, షవర్లు, వాటి వెనక గోడలో దాక్కునే పైపులు. ఇంటర్నేషనల్ సిటీలో మా ఫ్లాటుకి ఎవరైనా భోజనానికి వస్తే, మా ఆవిడ రోజుకి పాతిక మరుగుదొడ్లు ఎక్కి దిగుతుందని మా ఆయన పరిచయం చేసేవాడు. వాళ్ళు నవ్వేవాళ్ళు. నాకు ముద్ద దిగేది కాదు.

అసలు పుట్టుకతోనే నాకు రోత ఎక్కువ. ఒకరు తాగిన గ్లాసు ముట్టను, బస్సులో కమ్మీ పట్టుకోను. అలాంటిదాన్ని తీసుకెళ్ళి శానిటరీ షోరూముల్లో పడేసింది జీవితం. అక్కడ అద్దాల మధ్య, దీపాల కింద, పెళ్ళిపీటల్లా కమోడ్లు వరసగా పెట్టి ఉంటాయి. కొనడానికి వచ్చినవాళ్ళు మొహమాటం లేకుండా వాటి మీద కూర్చుని చూస్తారు. ఒక పెద్దమనిషి అలా కూర్చుని ఫోన్లో పదినిమిషాలు వ్యాపారం మాట్లాడటం చూశాను. సేల్స్‌మన్ ఇంకోదాంట్లో ప్లాస్టిక్ బంతులు వేసి, ఫ్లష్ చేసి, ఎన్ని పోయాయో లెక్కపెట్టి చూపించి, అదే చేత్తో నాకు టీ అందించాడు. ఆ టీని ఒక కుండీలో పోసేశాను. చచ్చిన మొక్కో బతికిన మొక్కో, నాకనవసరం.

2013 చలికాలంలో మా కంపెనీకి దుబాయ్‌కి గంట దూరంలో ఉన్న ఉమ్ అల్ క్వైన్‌లో ఒక విల్లా పని వచ్చింది. ఇంటి యజమాని అక్కడి అరబ్బే. వయసులో ఉండగా ఉద్యోగ శిక్షణకి జపాన్ వెళ్ళి రెండేళ్ళు ఒక చిన్న ఇంట్లో ఉన్నాడట. ఆ ఇంటి స్నానాలగది ఫొటోలు భద్రంగా దాచుకుని, మాకు తెచ్చి చూపించాడు. మెడదాకా మునిగే లోతైన తొట్టి, దాని బయట చిన్న పీట మీద కూర్చుని ఒళ్ళు రుద్దుకునే చోటు, మీట నొక్కితే తనే నీళ్ళు చిమ్మి కడిగే సీటు. గోడ విప్పి బాగుచేస్తున్నప్పుడు తీసిన ఒక ఫొటోలో పైపులు కూడా కనిపించాయి. చల్లనీళ్ళకి నీలం తొడుగు, వేడినీళ్ళకి ఎర్ర తొడుగు. అచ్చం అలాగే కావాలన్నాడు, పైపులతో సహా.

డబ్బున్నవాళ్ళ సరదా అనుకుని పైకి తలూపాను. అప్పుడాయన అసలు సంగతి చెప్పాడు. వాళ్ళమ్మకి పక్షవాతం వచ్చి కుడి చెయ్యీ కాలూ సరిగ్గా పనిచేయడం లేదు. దొడ్డికి వెళ్ళిన ప్రతిసారీ పనిమనిషి వచ్చి కడగాలి. ఆవిడ ఆ సిగ్గుతో తిండి మానేస్తోందట. ఆ సీటు ఉంటే తలుపేసుకుని తన పని తనే చేసుకుంటుందని ఆయన ఆశ. అంత మర్యాదగా, అంత నెమ్మదిగా చెబుతుంటే కూడా నేను ఆ గదిని ఊహించుకుని లోపల్లోపలే ముడుచుకుపోయాను.

జెబెల్ అలీ ఫ్రీ జోన్‌లో జపాన్ సామాను దించే ఒక వ్యాపారి దగ్గర సీటు దొరికింది. నీలం, ఎరుపు తొడుగుల పైపులు కూడా తెప్పించాడు. మేం మామూలుగా వాడేది ఆకుపచ్చ ప్లాస్టిక్ పైపు, వేడిచేసి అతికిస్తారు. దాని పక్కన ఇవి సన్నగా, బొమ్మల్లా ఉన్నాయి. సీటుతో వచ్చిన పుస్తకంలో దాన్ని చల్లనీళ్ళ లైనుకే కలపాలని బొమ్మ వేసి మరీ చెప్పారు. నీళ్ళని సీటే గోరువెచ్చగా చేసుకుంటుంది. నేను ఆ పేజీ కాపీ తీయించి సైటుకి పంపించాను.

సైటులో మా ప్లంబింగ్ ఫోర్‌మన్‌ది జగిత్యాల దగ్గర పల్లె. కంపెనీలో పదకొండేళ్ళుగా ఉన్నాడు. నాకంటే పెద్దవాడు, నేను అన్నా అనేదాన్ని, అతను మేడం అనేవాడు. ఇంకో రెండేళ్ళు ఎలాగోలా నెట్టుకొచ్చి, జగిత్యాలలో పైపుల దుకాణం పెట్టుకోవాలని అతని ఆలోచన. నేను పారేసే కేటలాగులన్నీ అడిగి తీసుకెళ్ళేవాడు. ఒకసారి తన దుకాణం ఎలా ఉంటుందో సిమెంటు సంచీ మీద గీసి చూపించాడు. కుళాయిలు ముందు వరసలో, కమోడ్లు లోపల, ఆడవాళ్ళు వస్తే ఇబ్బంది పడకుండా.

జనవరిలో ఒకరోజు నేను సైటుకి వెళ్తే, అతను నన్ను ఆ స్నానాలగదిలోకి పిలిచాడు. సీటుకి మిద్దె మీది ట్యాంకు లైను వద్దని, నేలలో ఉన్న ట్యాంకు నుంచి చిన్న మోటారు పెట్టి విడిగా లైను లాగుదామని అన్నాడు. మోటారంటే మళ్ళీ కాగితాలు, సంతకాలు. ఎందుకని విసుగ్గా అడిగాను. అతను పక్కకి చూస్తూ కాసేపు నసిగాడు.

"ఎండకాలం మన దగ్గర సల్లనీళ్లు యాడుంటయ్ మేడం? మిద్దె మీద ట్యాంకు మసులుతది గద. గా నీళ్లు సీదా సీటుకొస్తే, అండ్ల కూసున్నోల్లకు..." అని ఆగి, తల పూర్తిగా దించుకుని, "కింద కాలుతది" అన్నాడు.

నా మొహం జేవురించింది. ఒక మగవాడు, నా ఎదురుగా నిలబడి, ఒక ముసలావిడ ఎక్కడ కూర్చుంటుందో, ఎక్కడ కాలుతుందో చెబుతున్నాడు. ఒళ్ళంతా గొంగళిపురుగు పాకినట్టయింది. పుస్తకంలో ఉన్నట్టు చేయమని చెప్పి, అతని మాట పూర్తికాకుండానే బయటికి వచ్చేశాను.

నాకు తెలియదా అంటే, తెలుసు. అదే అన్నిటికంటే రోత. దుబాయ్‌లో కాపురం చేసే ప్రతి ఇల్లాలికీ తెలుసు. మే నెల రాగానే మా ఇంట్లో గీజర్ స్విచ్ ఆపేస్తాం. నీడలో ఉన్న గీజర్‌లో నీళ్ళు చల్లబడతాయి, మిద్దె మీది ట్యాంకు నీళ్ళు సలసల కాగుతుంటాయి. అందుకని వేసవిలో చల్లనీళ్ళు కావాలంటే వేడి కుళాయి తిప్పాలి. ప్రతి ఏడూ నేను చేసే పనే అది. కానీ అది మా ఇంటి స్నానాలగది, ఇది ఆఫీసు పని. ఆ రెంటినీ ఒకచోట పెట్టి ఆలోచించాలంటే, అతను చెప్పిన మాటని నా నోటితో మా ముదీర్, అంటే మేనేజర్, దగ్గర మళ్ళీ చెప్పాలి. చెప్పలేదు.

ఫిబ్రవరిలో ఇల్లు అప్పగించాం. చలికాలం, నీళ్ళు చల్లగా ఉన్నాయి, సీటు చక్కగా పనిచేసింది. తన తల్లి తొలిసారి ఒక్కతే వెళ్ళి వచ్చిందని యజమాని ఆఫీసుకి ఖర్జూరాల పెట్టె పంపించాడు. నేనూ నాలుగు తిన్నాను.

జూన్‌లో ఒక మధ్యాహ్నం ఫోనొచ్చింది. ఆవిడ కూర్చుని, ఎడమచెయ్యి అటు చాచి మీట నొక్కింది. నీలం పైపులోంచి మరిగే నీళ్ళు వచ్చాయి. చటుక్కున లేవడానికి కాలు సహకరించలేదు, ఆపుదామంటే ఆ మంటలో కుడివైపున్న మీట మళ్ళీ ఎడమచేతికి అందలేదు. లోపలికి ఎవరినీ రానివ్వకూడదని తలుపు గడియ వేసుకుంది. ఆ గడియ విరగ్గొట్టి తీసుకొచ్చేసరికి చర్మం బొబ్బలెక్కింది.

యజమాని కేకలు వేయలేదు. ఇలా ఎలా జరిగిందో కనుక్కుని చెప్పమన్నాడు, అంతే. కంగారు మా ముదీర్‌ది. కంపెనీ పేరు పోకుండా ఎవరో ఒకరిని చూపించాలి. ఇంజనీర్లందరినీ కూర్చోబెట్టి, ఫోర్‌మన్‌నీ నన్నూ తన గదిలోకి పిలిచాడు. అతను సైటు బట్టలతోనే వచ్చాడు. ముదీర్ హిందీలో అడిగాడు, పదకొండేళ్ళ అనుభవం ఉన్నవాడివి, ట్యాంకు నీళ్ళు కాలతాయని తెలియదా, ఎవరికైనా చెప్పావా అని. అతను తల దించుకున్నాడు. ముదీర్ నా వైపు తిరిగి, నీకేమైనా చెప్పాడా అన్నాడు.

లేదు అన్నాను. గొంతు వణకలేదు. తడబడి ఉంటే కనీసం ఆ ఒక్క విషయంలోనైనా నన్ను నేను క్షమించుకునేదాన్ని.

అతను తలెత్తి నన్ను ఒకసారి చూశాడు. మేడంకి చెప్పాను సార్ అంటే సరిపోయేది. కానీ ఏం చెప్పావని ముదీర్ తప్పకుండా అడుగుతాడు. నా ముందు, అంతమంది మగవాళ్ళు వింటుండగా, నాతో అన్న ఆ మాట మళ్ళీ అనాలి. నోరు విప్పలేదు. వీసా కేన్సిల్ చేసి వారంలో ఇంటికి పంపేయమని ముదీర్ అక్కడికక్కడే తేల్చేశాడు. ఖలాస్.

మెట్ల దగ్గర నేనే అతన్ని ఆపాను. ఏం చెప్పాలనుకున్నానో ఇప్పటికీ తెలియదు, బహుశా క్షమాపణలాంటిదేదో. అతనే ముందు మాట్లాడాడు.

"పోనియ్యుండ్రి మేడం. ఆడోళ్లతోని అసొంటి ముచ్చట మాట్లాడుడు నాదే తప్పు."

ఎగతాళి కాదు. నిజంగానే అలా అనుకుంటున్నాడు. అక్కడే, ఆ మెట్ల మీదే నామీద నాకు వాంతి వచ్చినంత పనయింది. ఇన్నాళ్ళూ కమోడ్లని, పైపులని, ఎవరెవరి చేతులనో చూసి ముక్కు మూసుకున్నాను. అయినా ముదీర్ గదిలోకి తిరిగి వెళ్ళలేదు. లిఫ్టులో కిందికి దిగి, చేతులు కడుక్కుని, ఇంటికి వెళ్ళాను.

అతను విమానమెక్కిన నాలుగో రోజున విల్లా యజమాని స్వయంగా మా ఆఫీసుకి వచ్చాడు. ఆ సీటు తీసేయడమేనా, బాగుచేసే దారి ఉందా అని అడిగాడు. వాళ్ళమ్మ మళ్ళీ తిండి మానేసిందట. నేను ఒక తెల్లకాగితం తీసుకుని గీసి చూపించాను. మిద్దె మీది ట్యాంకు ఇక్కడ, నేలలోని ట్యాంకు ఇక్కడ. నేలలోంచి చిన్న మోటారుతో సీటు దాకా విడిగా లైను. ఎండాకాలం ఒంటికి తగిలే చోట నీళ్ళు ఎంత వేడి ఉండొచ్చో, ముసలివాళ్ళ చర్మం ఎంత పలచగా ఉంటుందో, ఏ మాటా మింగకుండా, ఏ సిగ్గూ లేకుండా చెప్పాను. పక్కనే ముదీర్ మెచ్చుకోలుగా తలాడిస్తున్నాడు.

ఆయన కాగితాన్ని తనవైపు తిప్పుకున్నాడు. చాలా తేలిక పని, ముందే ఎవరికీ తట్టలేదెందుకు అన్నాడు. తర్వాత, ఇప్పుడిది ఎవరికి తట్టింది అని అడిగాడు.

నాకే, అన్నాను.