కాగని పాలు

వాన వెలిశాక గాలి ఉత్తరం నుంచి వీచిందంటే అమీన్‌పూర్‌లోని మా అపార్ట్‌మెంటుకు కూడా ఆ వాసన వస్తుంది. మగ్గిపోయిన పండులో మందుబిళ్ళలు నూరి కలిపినట్టుంటుంది. అందరూ తిట్టుకుంటూ కిటికీలు మూసుకుంటారు. నేను మాత్రం కాసేపు తెరిచే ఉంచుతాను. పిచ్చి అనుకోండి, ఏమైనా అనుకోండి. ఆ వాసన తగిలితే నాకు జిన్నారం దగ్గరి మా బడి, అందులో రజియా టీచర్ గొంతు గుర్తుకొస్తాయి.

మందుల ఫ్యాక్టరీలకు మా బడి ఎంత దగ్గరంటే, గాలి ఇటు తిరగగానే పాఠం ఆపి కిటికీలు మూసేవాళ్ళం. అలా మూసిన గదిలో చెమటలు కక్కుకుంటూ ఎనిమిదో తరగతి ఇంగ్లీషు నాన్‌డిటెయిల్ చదివాం. అదొక పాతకాలపు విదేశీ పిల్లల నవల. ఒక పిల్లవాడు పెరటి గోడ పగులులోంచి దూరి, వెండి చెట్లు, మాట్లాడే నక్కలు ఉన్న రాజ్యానికి వెళతాడు. అక్కడ ఏళ్ళకేళ్ళు ఉండి తిరిగొచ్చేసరికి ఇంట్లో అమ్మ పొయ్యి మీద పెట్టిన పాలు ఇంకా కాగనే కాగవు. టీచర్‌కు ఆ పుస్తకమంటే ప్రాణం. చిన్నప్పుడు చదివి మురిసిపోయిందట. యాజమాన్యాన్ని బతిమాలి మరీ మాకు పెట్టించింది. వెండి చెట్ల పూల వాసన గురించి చదివేటప్పుడు కళ్ళు మూసుకునేది. నాకేమో ఒళ్ళు మండేది.

అమ్మ నా చిన్నప్పుడే పోయింది. నాన్న ఫ్యాక్టరీలో షిఫ్టుల మీద పనిచేసేవాడు. మధ్యాహ్నం షిఫ్టు పడిన వారం నేను బడి నుంచి వచ్చేసరికి ఇంటికి తాళం ఉండేది. మాది కిరాయి ఇల్లు. పక్క వాటాలో టీచర్ ఒక్కతే ఉండేది. "ఒక్కదానివే కూసుంటే పరేషాన్ అయితవు, రా బేటా" అని పిలిచి చాయ్ ఇచ్చేది. ఆ తలుపు తప్ప నాకోసం తెరుచుకునే తలుపు ఊళ్ళో ఇంకొకటి లేదు. అందుకే ఆమె మెరిసే కళ్ళతో "కథ ఎట్లున్నది?" అని అడిగినప్పుడల్లా "మంచిగున్నది టీచర్" అనేదాన్ని. నిజం చెబితే ఆ చాయ్ కూడా పోతుందని భయం.

మా బళ్ళో పరీక్ష జవాబులన్నీ టీచర్లే చెప్పి రాయించేవాళ్ళు, ఆఖరికి ఇష్టాయిష్టాలు కూడా. "ఈ నవల నీకెందుకు నచ్చింది?" అన్న ప్రశ్నకు తరగతి తరగతంతా ఒకే జవాబు బట్టీ పట్టింది. నేనూ పట్టాను. కానీ పరీక్షకు ముందురోజు, తర్వాతి షిఫ్టు మనిషి రాలేదని నాన్నను రాత్రంతా ఫ్యాక్టరీలోనే ఆపేశారు. నేను వండిన అన్నం అట్లాగే ఉండిపోయింది. మర్నాడు ఆ ప్రశ్న చూడగానే బట్టీ పట్టిందంతా ఎటో పోయింది. నాకు నచ్చలేదని వచ్చీరాని ఇంగ్లీషులో రాసి పారేశాను.

పేపర్లు ఇచ్చిన రోజు టీచర్ నా వైపు చూడలేదు. ఆ సాయంత్రం నేను ఆమె వాటాకు పోలేదు. మా గడప మీదే ముడుచుకుని కూర్చున్నాను. కాసేపటికి తనే బయటికొచ్చింది.

"ఏంది బేటా, పుస్తకం నచ్చకుంటే చాయ్ గూడ నచ్చదా?"

"మీకు కోపమొచ్చింది కదా టీచర్."

"వచ్చింది. ఎందుకు రాదు? లోపలికొచ్చి చెప్పు, ఏం నచ్చలే నీకు?"

పొయ్యి మీద పాలు పెట్టి నా ఎదురుగా కూర్చుంది. నాకు ఏడుపు తన్నుకొచ్చింది.

"వాడు ఏండ్లకేండ్లు పోయిండు. వాళ్ళమ్మకు ఒక్క నిమిషం గూడ గడవలేదట. గట్లెట్లయితది టీచర్? పోయినోళ్ళకు జల్దీ గడుస్తది. ఇంట్ల ఉన్నోళ్ళకే గడవది."

ఈలోగా పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. ఆమె గుడ్డ తీసుకుని తుడుస్తూ, "ఎన్నిసార్లు చదివినా నేను వాని ఎంబడే పోయిన బేటా. ఎనక ఇంట్ల ఎవరున్నరో సూడనే లేదు" అంది. తర్వాత ముక్కు చీదుకుని నవ్వింది. "అయినా నాకు గా పుస్తకం ఇష్టమే. నీకోసం మార్చుకోను. నువ్వు గూడ నాకోసం మార్చుకోకు. పెద్ద పరీక్షల మాత్రం రాయించిందే రాయి, లేకుంటే మార్కులు కోస్తరు. నా తాన నీదే రాయి."

ఆ తర్వాత నాన్నకు మధ్యాహ్నం షిఫ్టు పడిందంటే మా ఇద్దరికీ చాయ్‌తో పాటు కొట్లాట. "ఆ నక్క మాటలు ఎంత ముద్దుగుంటయి!" అని ఆమె. "ఒట్టి సోది నక్క టీచర్" అని నేను. ఎదురుచూసే సాయంత్రాలు అట్లా గడిచిపోయేవి.

నేను ఇంటర్ చదివేటప్పుడు టీచర్ బీదర్‌లో తమ్ముడి దగ్గరికి వెళ్ళిపోయింది. అక్కడే పోయిందని చాలా ఆలస్యంగా తెలిసింది. నాన్న కూడా ఇప్పుడు లేడు. ఆఫీసు మీటింగుల్లో అందరూ తలలూపిన చోట నేను నచ్చలేదంటాను. పొగరుబోతునని పేరొచ్చింది. అలా అన్న రోజు భోజనాల వేళ నా పక్కన ఎవరూ కూర్చోరు. ఆమె ఇచ్చిన అలవాటు, వదులుకోలేను.

మొన్న ఆ నవల తెప్పించి మళ్ళీ చదివాను. నిజం చెప్పొద్దూ, ఇప్పటికీ నచ్చలేదు. నక్క మాటలు మాత్రం కొంచెం బాగున్నాయి. ఈ ముక్క వింటే టీచర్ ఎంత సంబరపడేదో! పుస్తకం చేతిలో పట్టుకునే లేచి, టీచర్ వాటాకు పోతున్నట్టే తలుపు తీశాను. పక్క ఫ్లాటు తలుపు వేసి ఉంది. అందులో ఎవరుంటారో ఇంతవరకూ నాకు తెలియదు.