బాలింత ఎక్కే ఆటో

ఈరమ్మ రెండు చేతులతో నల్ల రెగ్జిన్‌ను సూది కిందికి తోస్తూ మిషన్ తొక్కుతోంది. కొత్తగూడ చౌరస్తా పక్కన ఫుట్‌పాత్ మీద ఆమె కూర్చున్న చోటికి ఆకాశం చారెడే కనిపిస్తుంది. మిగతాదంతా ఫ్లైఓవరూ, అద్దాల మేడలూ. ఆ చారెడూ మబ్బు పట్టింది.

ఆటో నడిపే సురేష్ కాలుగాలిన పిల్లిలా చుట్టూ తిరుగుతున్నాడు.

"అక్కా, జర జల్ది! దవాఖానల డిశ్చార్జి అయింది. నా పెండ్లాం శ్రీలత చెవుల్ల దూది వెట్టుకొని, తలకు గుడ్డ గట్టుకొని మెట్లకాడ కూసుందట."

"పసిపిల్ల?"

"చీరల చుట్టిన్రట. వేరే ఆటోల రమ్మంటె మా అత్త వినదు. తొలిసూరి బిడ్డ తండ్రి ఆటోలనే ఇంటికి రావాలెనట. బిడ్డ మీద సుక్క పడొద్దట. రెండూ నా మెడకే!"

మొన్నటిదాకా సురేష్ చిరిగిన ఆటో టాపు మీద విల్లాల ప్రకటన ఫ్లెక్సీ కప్పి నడిపాడు. పైన ఈతకొలను బొమ్మ, వానొస్తే లోపల నిజం కొలను.

ఫోన్ మోగింది. స్పీకర్‌లో అత్త కనకమ్మ గొంతు రోడ్డు రొదను దాటింది. "ఏం అల్లుడూ, టాపు కుట్టిస్తున్నవా, బంగ్లా కట్టిస్తున్నవా?"

ఈరమ్మ నవ్వింది కానీ కాళ్లు ఇంకా వేగంగా తొక్కాయి. పాలమూరు నుంచి మట్టిపనికి వచ్చిన మనిషి ఆమె. పాత టాపులు విప్పి చూసి ఈ పని పట్టుకుంది. బైకులకు కవర్లు, సోఫాలకు గలీబులు కుడుతుంది. కొండాపూర్‌లో ఓ మేడమ్ కుక్కకు వానకోటు కూడా కుట్టింది. నార్సింగిలో తన గుడిసెకు మాత్రం ఇంకా ప్లాస్టిక్ పట్టానే కప్పు.

టాపును ఆటో రాడ్లకు తొడిగి, చెంబెడు నీళ్లు తెచ్చింది. నీళ్లు పోసి చూడనిదే ఆమె ఏ టాపూ అప్పగించదు. ముందువైపు నుంచి పోసింది. వెనక సీటు మీద టప్‌మని ఒక చుక్క. ఇంకొకటి.

ఈరమ్మ కుట్టును వేలితో తడిమి చూసింది. పెంకు మీద పెంకులా ముందు ముక్క వెనకదాని మీదికి రావాలి. తొందరలో తిరగేసి పరిచింది. ఆటో పరుగెత్తితే ఎదురువాన నేరుగా కుట్టులోకే దూరుతుంది.

"పోనీ అక్కా, ఎవరు చూస్తరు?"

"వాన చూస్తది."

"మరి ఇప్పి మల్ల కుట్టు!"

"కుడ్త. కానీ రెగ్జిన్‌ల సూది దిగిన బెజ్జం మానదు తమ్మీ. పాత బెజ్జాల మీద పట్టీ అతకాలె. ముక్క లేదు."

దూరంగా ఉరిమింది. ఫోన్ మళ్లీ మోగింది. సురేష్ ఎత్తలేదు.

ఈరమ్మ చూపు మిషన్ కాళ్ల దగ్గర మడిచి ఉన్న కవరు మీద పడింది. రాత్రిళ్లు మిషన్‌ను ఇక్కడే గొలుసు కట్టి వదిలేస్తుంది. దానికి కప్పేది ఈ దళసరి రెగ్జినే. మిషన్ తుప్పు పడితే తన చేతులు కట్టేసినట్టే. ఒక క్షణం దాన్ని నిమిరింది. తర్వాత కత్తెర పెట్టింది.

"అక్కా, గది నీ మిషన్‌ది గదా!"

"మిషన్ ఏడ్వదు. పిల్ల ఏడుస్తది."

కుట్టు విప్పి, ముక్కలు సరిగ్గా పరిచి మళ్లీ కుట్టింది. పాత బెజ్జాల మీద సొల్యూషన్ పూసి పట్టీని గుప్పిటతో అదిమి అదిమి అతికించింది. టాపు తొడిగింది. ఈసారి నీళ్లు సురేష్‌తో పోయించి, లోపల కుట్టు కింద అరచేయి పెట్టుకుని కూర్చుంది. అరచేయి పొడిగానే ఉంది.

తాళ్లు బిగించేసరికి తొలి చినుకులు రాలాయి. సురేష్ తన పాత ఫ్లెక్సీని రెండు మడతలు వేసి మిషన్‌కు చుట్టాడు. ఈతకొలను బొమ్మ పైకొచ్చింది.

"గీ వానకు ఆగుతది. పో ఇగ," అంటూ ఈరమ్మ పని అయ్యేదాకా తన దగ్గరే ఉంచుకున్న ఆటో తాళంచెవి అతని చేతిలో పెట్టింది.

ఫోన్ మళ్లీ మోగితే తనే లాక్కుంది. "అమ్మా, మీ అల్లుడు బయలెల్లిండు. టాపు గట్టిగుంది. పిల్లను సల్లగ తోలుకొనిపోండ్రి."