సైకిలు బిళ్ళ వద్దన్న అర్జీ

నా చిన్నప్పుడు మా ఇంట్లో అర్జీ రాయడం వచ్చినవాళ్ళం ఇద్దరమే. పంచాయతీ ఆఫీసులో గుమాస్తాగా పనిచేసే మా నాన్న, ఐదో తరగతి చదువుతున్న నేను. మా అమ్మను కన్న తాతయ్యకి అక్షరం రాదు. ఆయన తెల్లవారుతూనే నరసాపురం రేవులో చేపలు కొని, సైకిలు వెనక తట్ట కట్టుకుని, మొగల్తూరు వైపు ఊళ్ళు తిరిగి అమ్మేవాడు. మేమంతా ఆయన ఇంట్లోనే ఉండేవాళ్ళం.

ఆ ఏడు వానలు వెనకబట్టాక పంచాయతీ వాళ్ళు ఒక ప్రతిపాదన తెచ్చారు. ఊళ్ళో ప్రతి సైకిలునీ రిజిస్టరు చేయించి, ఏటా ఫీజు కట్టి బిళ్ళ తీసుకోవాలట. బిళ్ళ లేని సైకిలు కనబడితే ఆఫీసు ఆవరణలో గొలుసు వేసి కట్టేస్తారట. అభ్యంతరం ఉన్నవాళ్ళు రాసి ఇస్తే సభలో చదివి తేలుస్తామన్నారు. ఆఫీసు గోడకి అంటించిన ఆ నోటీసు మా నాన్న దస్తూరీయే.

అప్పటినుంచి ఇంట్లో గాలి ఆడటం మానేసింది. తాతయ్య అరుగు మీద కూర్చుని, తనలాగే చేపలమ్మే వాళ్ళందరితో, సైకిలుని ఆపే అధికారమే వద్దని పదేపదే చెప్పేవాడు. నాన్న ఆ అరుగు దాటుకుంటూ తలొంచుకుని ఆఫీసుకి వెళ్ళేవాడు. ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని అన్నం తినేవారు కాని, ఒకరితో ఒకరు మాట్లాడుకునేవారు కాదు. ఒక సాయంత్రం నాన్న వంటింట్లో అమ్మతో అంటున్న మాట నా చెవిన పడింది.

“ప్రెసిడెంటు గారు పిలిచి చెప్పారు. మీ మావగారికి మీరే సర్దిచెప్పుకోండి, లేదంటే మీ ఉద్యోగం సంగతి ఆలోచించాల్సి వస్తుందన్నారు.”

అమ్మ పొయ్యి దగ్గర కూర్చుని కళ్ళు తుడుచుకుంది.

మర్నాడు తాతయ్య నన్ను పిలిచి తెల్లకాయితం చేతిలో పెట్టాడు. “నాన్నని అడగటం బాగోదమ్మా. నువ్వు రాయి, నేను చెప్తాను. చేప ఎండెక్కకముందే అమ్ముడుపోవాలి. బిళ్ళ లేదని దారిలో ఒక్క గంట ఆపితే తట్టెడు చేపా పోయినట్టే. అందుకని ఫీజు తక్కువైనా వద్దు, ఎక్కువైనా వద్దు. అసలు సైకిలుని ఆపే అధికారమే వద్దు. అంతే.”

రాయనంటే తాతయ్య మొహం చూడలేను. రాస్తే నాన్న ఉద్యోగం పోతుంది. పారిపోదామంటే ఆ ఇంట్లో ఎటు వెళ్ళినా వాళ్ళిద్దరిలో ఒకరు ఎదురవుతారు. చివరికి నా బుద్ధికి తోచిన దారి ఒకటి పట్టాను. నాన్న పోల్చుకోకుండా అక్షరాలు వంకర తిప్పాను. తాతయ్య వద్దన్నచోట, ‘దయతో ఫీజు కొంచెం తగ్గించవలసిందిగా కోరుచున్నాము’ అని రాశాను. తాతయ్య నా రాత వంక మురిపెంగా చూసి, ఏం రాశానని అడగకుండానే వేలిముద్ర వేశాడు. ఆయన తరవాత మిగతావాళ్ళు కూడా వరసగా వేశారు.

సభ రోజున తాతయ్య నన్ను వెంట తీసుకెళ్ళాడు. ఆఫీసు గది నిండిపోయింది. వెనక గుమ్మం దాకా జనం. బయటికి పోదామన్నా సందు లేదు. అర్జీలు చదవాల్సింది నాన్నే. మా కాయితం విప్పి, ఆగాడు. ఒక్కసారి తలెత్తి జనంలో నా కోసం వెతికాడు. నేను తాతయ్య వెనక్కి నక్కాను. అక్షరాలు ఎంత వంకర తిప్పినా, వాటిని నాకు నేర్పించింది ఆయనే కదా.

నాన్న గొంతు సవరించుకుని చదివాడు. “ఫీజు తక్కువైనా వద్దు, ఎక్కువైనా వద్దు. సైకిలుని ఆపే అధికారమే వద్దు.”

కాయితంలో లేని మాటలవి. వారం రోజులుగా అరుగు దాటుతూ విన్న తాతయ్య మాటల్ని, తన ఉద్యోగానికే ఎసరు పెడతాయని తెలిసీ, నాన్న అందరిముందూ చదువుతున్నాడు.

ప్రెసిడెంటు గారు చెయ్యి చాపారు. “ఏదీ, ఆ కాయితం ఇలా ఇవ్వండి.”

“చెప్పిన మనిషే ఇక్కడున్నారండి, కాయితం ఎందుకు? మావయ్య గారూ, మీరే చెప్పండి,” అన్నాడు నాన్న.

తాతయ్య లేచి, పొల్లుపోకుండా అవే మాటలు చెప్పాడు. వెనకనుంచి ఒక్కొక్కరే “మాదీ అదే మాటండి” అన్నారు. మెంబర్లు తమలో తాము గుసగుసలాడుకుని ప్రతిపాదనని పక్కన పెట్టారు. తరవాత మా ఊళ్ళో ఎవరూ దాని ఊసెత్తలేదు. నాన్న ఉద్యోగం పోలేదు కాని, పదవిలో ఉన్నన్నాళ్ళూ ప్రెసిడెంటు గారు ఆయనతో నేరుగా మాట్లాడలేదు. ఏం కావాలన్నా బంట్రోతుతో చెప్పించేవారు.

ఆ సాయంత్రం నాన్న ఆ కాయితం నా ముందు పెట్టాడు. కోప్పడలేదు. “నా కోసమే చేశావని తెలుసమ్మా. కాని ఇది తాతయ్య మాట కాదు. ఫైల్లో ఆయన మాటే ఉండాలి. మళ్ళీ రాయి. మళ్ళీ వేలిముద్ర ఎందుకో ఆయనకి నువ్వే చెప్పుకో.”

నా మామూలు దస్తూరీతో రాసి, ఏడుస్తూ తాతయ్య దగ్గరికి వెళ్ళాను. మొత్తం చెప్పాను. ఆయన సైకిలు గొలుసుకి నూనె వేస్తూ విన్నాడు. తరవాత చేతులు కడుక్కుని వచ్చి, నా పక్కన కూర్చుని, నెమ్మదిగా, “ఏదీ, చదువమ్మా,” అన్నాడు.

తాతయ్య నన్నెప్పుడూ కొట్టలేదు, తిట్టలేదు. కాని ఆ మాట తగిలినంత గట్టిగా నాకు జీవితంలో ఇంకే దెబ్బా తగల్లేదు. చదివాను. చివరిదాకా విని, తలూపి, అప్పుడు వేలు ఇంకులో ముంచాడు. మిగతావాళ్ళ ఇళ్ళకి కూడా నన్ను వెంటబెట్టుకుని తీసుకెళ్ళాడు. ప్రతి గుమ్మంలో నేను చదివి వినిపించాకే వేలిముద్ర వేయించాడు.

ఈమధ్య, ఇప్పుడు నేనుంటున్న పేటలో మళ్ళీ సైకిళ్ళకి రిజిస్ట్రేషను ఫీజు అంటూ మాట లేచింది. సైకిలు మీద ఇంటింటికీ తిరిగి చేపలమ్మే ఆవిడ నా దగ్గరికి వచ్చి, “మీరే ఏదో ఒకటి రాసిపెట్టండి మామ్మగారూ, నేను సంతకం గీకేస్తాను,” అంది. కూర్చోమన్నాను. ఆవిడ చెప్పిందే రాశాను. చదివి వినిపించాను. ఒకచోట, “అలా కాదండి, అసలు వద్దనే రాయండి,” అంది. కొట్టేసి, మళ్ళీ రాసి, మళ్ళీ మొదటినుంచీ చదివాను. ఆవిడ సరేనన్నాకే పెన్ను చేతికిచ్చాను.