కొంగు ముడిలో మాత్రలు

మొన్న రాజ్‌కిశోర్ నగర్‌లో పళ్ళ డాక్టరు దగ్గరికి వెళితే, కుర్చీలో కూర్చోబెట్టక ముందే ఒక కాగితం చేతికిచ్చారు. గుండె కవాటానికి ఎప్పుడైనా ఆపరేషన్ జరిగిందా అన్నది అందులో మొదటి ప్రశ్న. నాకు జరగలేదు గానీ, అది చదవగానే అమ్మ గుర్తొచ్చి కలం ఆగిపోయింది.

చిన్నప్పటి కీళ్ళజ్వరం వల్ల కవాటం చెడిపోతే అమ్మకి కృత్రిమ కవాటం పెట్టారు. నేనప్పుడు ఈ హిందీ ఊళ్ళోనే రైల్వే ఇంజన్ల షెడ్‌లో ఫిట్టర్‌ని. చదువు పదో తరగతితో ఆగినా, డ్యూటీ దిగగానే రైల్వే లైబ్రరీకి పోయి, నిఘంటువు పక్కన పెట్టుకుని ఇంగ్లీషు వైద్యపుస్తకాలు కూడబలుక్కునేవాణ్ణి. పన్ను పీకినప్పుడు నోటిలోని సూక్ష్మజీవులు రక్తంలోకి దిగి, అలాంటి కవాటం మీద చేరి ప్రాణం మీదికి తేగలవనీ, అందుకే గంట ముందు మందు వేసుకోవాలనీ అక్కడే తెలుసుకున్నాను.

అమ్మకి దవడపన్ను పుచ్చినప్పుడు ఈ సంగతి చెబితే నవ్వింది.

“పంటికీ గుండెకీ ఏటి సంబంధంరా? పానా పట్టీవోడివి, డాక్టరువి ఎప్పుడయినావు?”

గుండె డాక్టరు మాత్రం నా మాట నిజమేనని మాత్రలు రాసిచ్చారు. ఆ గర్వంతోనే నా రెస్టు రోజు చూసుకుని, సోమవారం సదర్ బజార్‌లో పన్ను పీకించడానికి ఏర్పాటు చేసి, మాత్రలు అమ్మ చేతిలో పెట్టి రిక్షా కోసం వెళ్ళాను.

అక్కడ పళ్ళ డాక్టరు సూది చేతిలోకి తీసుకుని మందు వేసుకున్నారా అని అడిగితే అమ్మ తలూపింది. అప్పుడే ఆమె కొంగు చివర ముడి నా కంటపడింది. విప్పితే మాత్రలు, విప్పని కాగితంతో సహా.

“కార్తీక సోమారం ఉపాసం కదరా, దీపం ఎట్టీసి మింగేత్తాను” అంది, నన్నే ఓదారుస్తున్నట్టు.

పుస్తకాలన్నీ తిరగేసినవాణ్ణి గోడ మీది క్యాలెండరు చూడలేదు. ఇవాళ శివుడికి, రేపు పంటికి అని డాక్టరు హిందీలో నవ్వేసి సూది పక్కన పెట్టారు. మర్నాడు సెలవు పెట్టి, ఇడ్లీ తినిపించి, నా ఎదురుగా మాత్రలు మింగించి, గంటసేపు బల్ల మీద కూర్చోబెట్టాకే పీకించాను. ఆ తరువాత చాలా ఏళ్ళు బతికింది అమ్మ. క్వార్టర్ల లైనులో ఎవరి పన్ను నొప్పెట్టినా ముందు వాళ్ళ గుండె సంగతి అడిగేది.

ఇప్పుడా లైబ్రరీ బీరువాలకి తాళాలు. తెలుగు చదవడం రాని నా మనవరాలు అదే విషయం ఫోనులో క్షణంలో వెతికి హిందీలో వినిపించింది. మంచిదే. మొన్నటి కాగితంలోనూ ప్రశ్నలన్నీ సరిగ్గానే ఉన్నాయి, ఇవాళ ఉపవాసమా అన్నది తప్ప. అది తెలియడానికి పక్కన కూర్చుని కొంగు చూసే మనిషి కావాలి.